అవ్వ నొక్కిన పచ్చ బటన్

ఆ రోజుల్లో నా గోధుమ చేను ఎండిపోకుండా చూసుకోవడం కంటే ముఖ్యమైన పని ఈ లోకంలో ఇంకొకటి ఉందంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. (ఉదయగిరిలో మాకు నిజం చేను రెండెకరాలు ఉండేది. అది ఏటా నిజంగానే ఎండేది. దాని సంగతి నాయన చూసుకునేవాడు.) నా చేను ఫోన్లో ఉండేది. ఆత్మకూరులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు, మా క్లాసు అమ్మాయిలందరికంటే పెద్ద పల్లె కట్టి ఎక్కువ మార్కులు కొట్టాలని కంకణం కట్టుకున్నాను. పరీక్షల్లో ఆ ముచ్చట ఎలాగూ తీరదని అప్పటికే తేలిపోయింది.

ఆ ఆట తయారుచేసిన మహానుభావుల మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. విత్తనం వేసిన నాలుగు గంటల్లో పంట కోయాలి, లేదంటే మాడిపోతుంది. అదే ఒక ఇల్లు కట్టాలంటే రెండు రోజులు కాచుకోవాలి. ఇల్లు ఒకసారి పెట్టాక ఎటూ తిరగదు. అన్ని వాకిళ్లూ ఒకే దిక్కుకు చూస్తాయి. ఆట తెరిచినప్పుడల్లా టోపీ పెట్టుకున్న పిల్ల ఒకతె వచ్చి, నిన్న చెప్పిందే మళ్లీ మొదటినుంచీ చెబుతుంది, దాని నోరు మూయించే దారి లేదు. అన్నిటికంటే ఘోరం, ఒక ఫోన్లో ఒకే పల్లె ఉంటుంది. కొత్తది మొదలుపెడితే పాతది పోతుంది. ఇంకో ఫోన్లోకి మార్చుకునే వీలు కూడా పెట్టలేదు. అందుకే నాయన నాకు కొత్త ఫోన్ కొనిపెట్టినా, నా పల్లె మాత్రం అద్దం పగిలిన పాత ఫోన్లోనే ఉండిపోయింది. దాన్ని హాస్టల్‌కు తీసుకుపోతే పగలంతా క్లాసులు, పంటంతా బుగ్గి. ఆలోచించి ఆలోచించి ఇంట్లో ఉండే మా అవ్వను జీతం లేని పాలేరుగా పెట్టుకున్నాను.

అవ్వ నాయన తల్లి. ఆమె పుట్టిన ఊరూ మెట్టిన ఊరూ ఒకటే. ఆ ఊరు ఇప్పుడు సోమశిల డ్యాం నీళ్ల అడుగున ఉంది. నాయన చంకలో బిడ్డగా ఉన్నప్పుడు, గొర్రెలను తోలుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని ఉదయగిరి చేరారు. అవ్వకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఆట నేర్పిస్తుంటే మొదటిరోజే అడిగింది. "ఈడ ఏందో రాసుండాది. ఆ అక్షరాలు కూడా నేర్పరాదా పాపా?"

నాకు ఆత్మకూరు బస్సుకు టైమైపోతోంది. "అక్షరాలెందుకవ్వా? ఏదన్నా అడిగితే పచ్చ బటన్ నొక్కు. ఎర్రది ముట్టుకోవద్దు. అంతే" అన్నాను. చదువు చెప్పడం ఇంత సులువని తెలియక మా లెక్చరర్లు ఊరికే గొంతు చించుకుంటున్నారని కూడా అనుకున్నాను.

అవ్వ బుద్ధిగా సేద్యం చేసింది. టోపీపిల్ల మాట్లాడుతుంటే మధ్యలో నొక్కేది కాదు, మనిషి మాట్లాడేటప్పుడు లేచిపోతే బాగుండదని. ప్రకటనలు వస్తే వాటినీ చివరిదాకా మర్యాదగా వినేది. ఆటలో గొర్రెల బొచ్చు కత్తిరించుకోవచ్చు గాని వాటిని అమ్మడానికి లేదు, వాటి మెడలో గులాబీ రంగు రిబ్బన్లు. "అమ్మను కూడదు, కోయను కూడదు, ఊరికే మేపాలంట. ఈటికి కట్నం ఇచ్చి తెచ్చుకున్నట్టుండాది" అని గొణిగేది.

నెల తర్వాత ఒక శనివారం ఇంటికొచ్చి చూద్దును గదా, నా గులాబీ తోట లేదు. పాలరాతి ఫౌంటెన్ లేదు. క్లాసులో నాకు మొదటి స్థానం తెచ్చిపెట్టిన రంగులరాట్నం అయితే జాడే లేదు. వాటి చోట రెండు వరసల్లో చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో వీధి.

"ఏందవ్వా ఇది? నా తోటంతా పీకేసినావా?" అని అరిచాను.

"అరవబాక. ఇది మా వీధి" అంది అవ్వ, ఫోన్ నా వైపు తిప్పి. "ఇది మీ ముత్తాత దొడ్డి. ఇది కుమ్మరోళ్ల ఇల్లు. ఇదో, ఇది చింతచెట్టు."

"దానికి యాపిల్ కాయలు ఉండాయి గదా!"

"చింతచెట్టు ఈళ్ల దగ్గర లేదంట. ఏం చేసేది? కాయలు చూడబాక, నీడ చూడు."

ఆటలో ఒక ఏరు ఉండేది. అది తెర అంచున పారుతుంది, దాన్ని కదిలించలేం. నిజం ఏరు, పెన్నా నది, అవ్వ వాళ్ల ఊరికి ఆ పక్క కాదు, ఈ పక్క ఉండేదట. అందుకని అవ్వ ఊరినంతా అద్దంలో చూసినట్టు తిప్పి కట్టింది. "ఏరు జరగదులే పాపా. మనమే జరగాల" అంది మామూలుగా. నేను ఆ మాట వినిపించుకోనే లేదు. నా మార్కులు ఏడో స్థానానికి పడిపోయినందుకు ఆ పూటంతా అన్నం తినకుండా అలిగి కూర్చున్నాను. (ఇరవయ్యేళ్ల దాన్ని. పెళ్లిచూపులకు రావచ్చా అని ఎవరో అడుగుతున్న దాన్ని.)

కబురు ఎలా పోయిందో గాని, చేజర్ల నుంచి అవ్వ ఆడబిడ్డ బస్సెక్కి వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వదినా, నా వాకిలి తూర్పుకు గదా ఉండేది? దక్షిణానికి పెట్టినావేంది?"

"అది తిరగదే. ఎన్నిసార్లు నొక్కినా తిరగదు."

"తిరగని ఇల్లు నాకెందుకు? తీసెయ్."

టీ కూడా గోడ వైపు తిరిగే తాగింది. పోయేటప్పుడు మాత్రం గడప దాటి మళ్లీ వెనక్కొచ్చి, "ఉండనీలే. పక్కన ఎద్దులకు గాడి పెట్టు. మా ఆయన్ని కూడా తీసుకొస్తా చూసేదానికి" అంది. ఆ ముసలాయనకు ఊరు తప్ప ఇంకేదీ సరిగా గుర్తులేదప్పటికి.

అందరి ఇళ్లూ అయినాయి. అవ్వ ఇల్లు ఒకటే మిగిలింది. "నీది ముందు పెట్టుకోవచ్చు గదా" అంటే, "నాది పెంకుటిల్లు. ఆ బొమ్మ మీద ఇరవై అంకె ఉండాది, ఆ మెట్టుకు గాని ఇయ్యరంట" అంది. ఎర్ర పెంకుల ఇల్లు ఆటలో ఆ మెట్టు ఎక్కినవాళ్లకే దక్కేది. అప్పటికి పంతొమ్మిదిలో ఉంది. ఏటి పక్కన, కుమ్మరోళ్ల ఇంటి తర్వాత, ఒక ఇంటికి సరిపడా చోటు వదిలిపెట్టుకుని పగలంతా గోధుమలు కోస్తూనే ఉండేది. నాకూ పట్టుదల పుట్టింది. నా మార్కులు గాలికి పోనీ, అవ్వ ఇల్లు లేవాలనుకున్నాను. రోజూ హాస్టల్ నుంచి ఫోన్ చేసి "ఇంకెంత అవ్వా?" అని అడిగేదాన్ని. గురువారం "రెండు పంటలు పాపా" అని చెప్పింది.

శుక్రవారం ఫోన్ ఎత్తలేదు. శనివారం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అవ్వ పంచలో కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్లో ఉంది.

"పాపా, ఊరు కనపళ్ళేదు."

తీసుకుని చూశాను. పచ్చగడ్డి, అంచున ఏరు, ఇంకేం లేదు. టోపీపిల్ల నవ్వుతూ, కొత్త పల్లెకు స్వాగతం అంటోంది. గురువారం పొద్దుపోయాక ఆట తనంతట తానే కొత్త రూపంలోకి మారిందట. మొదట్లోనే ఒక ప్రశ్న పెట్టారు, కొత్త పల్లె మొదలుపెట్టమంటారా అని. అవునన్నది అరచేయంత వెడల్పున పచ్చగా, వద్దన్నది మూలన చిన్న ఎర్ర ముక్కగా. అవ్వ పచ్చది నొక్కింది. పాత పల్లె పోతుంది, పర్వాలేదా అని ఇంకోసారి అడిగారు. అదీ పచ్చదే. అవ్వ అదీ నొక్కింది.

"నువ్వు చెప్పినట్టే చేసినాను పాపా. ఎర్రది ముట్టుకోలా" అంది, ఏదో తప్పు చేసిన చిన్నపిల్లలా.

ఆటవాళ్లను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసి ఉత్తరం రాశాను. ఆ వారం కాలేజీకి పోలేదు. రెండు రోజులకు జవాబొచ్చింది, మా ఆటను ప్రేమిస్తున్నందుకు ధన్యవాదాలని. దాంతోపాటు ఆటలో ఖర్చుపెట్టుకునే వజ్రాలు ఐదు పంపారు.

"ఏందవి? పరిహారమా?" అని అడిగింది అవ్వ.

అప్పుడు ఏడ్చాను. నాదే తప్పవ్వా అన్నాను. అవ్వ నా తల మీద చెయ్యి వేసి, "నీ తప్పేముండాది? డ్యాం కట్టేటప్పుడూ ఇట్టనే. కాగితం మీద వేలు యాడ పెట్టాల్నో చూపిచ్చినారు, పెట్టినాం. చదువొచ్చినా ఊరు నిలిచేది కాదులే. గాని దేనికి పెడతా ఉండామో తెలిసి పెట్టుండేవాళ్లం" అంది. మళ్లీ, "పాపా, ఒక్క మాట నేర్పిచ్చు. వద్దు అనేది ఎట్ట రాస్తారు?" అంది.

పంచ గోడ మీద బొగ్గుముక్కతో రాసి చూపించాను. మూడు రోజులు దిద్దింది. ద కింద ఒత్తు ఎప్పుడూ జారి కిందికి వేలాడేది. నాలుగో రోజు నేర్చుకున్నానని ధైర్యం వచ్చి ఫోన్ తెరిచి, తెరంతా వేలితో వెతికింది. "ఇందులో యాడుండాది పాపా ఆ మాట?"

ఆ ఆటంతా ఇంగ్లీషు. తెలుగులో వద్దు అనే మాట అందులో ఎక్కడా లేదు. అవ్వ ఫోన్ మూసి నా చేతికిచ్చింది. మళ్లీ ఆ ఆట అడగలేదు. చేజర్ల ముసలాయన ఆ తర్వాతి వారం వచ్చి, పంచలో కూర్చుని, ఊరు చూపించమని సాయంత్రందాకా అడిగి వెళ్లాడు.

అవ్వ పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు ఫోన్ యాప్‌లకు తెలుగు పెట్టే చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఏ పని చేతికొచ్చినా ముందు వద్దు అనే బటన్ ఎక్కడుందో వెతుకుతాను. అది అవును అన్నదానికంటే చిన్నగా ఉంటే ఒప్పుకోను, గొడవ పెట్టుకుంటాను. ఆఫీసులో పిల్లలు నాకు వద్దక్క అని పేరు పెట్టారు. మొన్న ఒకబ్బాయి విసుక్కుని, "చదవకుండా ఎవరు నొక్కుతారక్కా?" అన్నాడు. జవాబు చెప్పబోతే నవ్వొచ్చింది. బస్సుకు టైమైపోతోందని, లోకంలో ఉన్న చదువంతా రెండు రంగుల్లో తేల్చేసి పరిగెత్తిన ఇరవయ్యేళ్ల పిల్ల కళ్ల ముందు కనబడింది. పోనీలే పాపం, దానికేం తెలుసు అనుకున్నాను. పంచ గోడకు సున్నం వేసేటప్పుడు, తలుపు పక్కన మూరెడు చోటు మాత్రం నాయన ఇప్పటికీ వదిలేస్తాడు. ద ఒత్తు అక్కడ ఇంకా కిందికి వేలాడుతూనే ఉంది.