కైరో మినారు మెట్ల మీద

మొన్న నరసరావుపేటలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి లిఫ్టులో ఇరుక్కుపోయాను. మేడ కొత్తది, లిఫ్టూ కొత్తదే, కరెంటు మాత్రం మన పాతదే. రెండంతస్తుల మధ్య దీపం ఆరిపోయి పెట్టె ఆగిపోయింది. నాతోపాటు ఉన్న నర్సమ్మాయి తలుపు బాదుతూ "ఎవరన్నా ఉన్నారా? ఏందండీ ఇది, తియ్యండి!" అని కేకలు పెట్టింది. నేను గోడకానుకుని, "కాసేపు ఓర్చుకో అమ్మా, గాలి ఆడుతుంది గదా," అన్నాను. బయటపడ్డాక ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మీకు భయమెయ్యలేదా తాతా?" అంది. వెయ్యకేం, వేసింది. కాని అంతకుముందే మా మాచర్ల అన్న గుర్తొచ్చాడు. గాలి ఆడుతుంది గదా అన్న మాట నాది కాదు, ఆయనది.

అన్నంటే తోడబుట్టినవాడు కాదు. మాది గురజాల దగ్గరి పల్లె, జొన్నా పత్తీ పండించుకునే ఇల్లు. ఆయనది మాచర్లలో ముస్లిం కుటుంబం. తండ్రి కొలిమి పెట్టుకుని ఎద్దుబండి చక్రాలకు ఇనప పట్టాలు వేసేవాడు, ఈయన బస్సుల మెకానిక్కు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపిన రోజులవి. కొన్నాళ్ళకు యజమాని ఆ తిప్పలు కూడా పడలేక బస్సుల్ని షెడ్డులో పెట్టేశాడు. అన్న భార్యనూ చంటిపిల్లనూ అత్తగారింట దింపి పటాలంలో చేరాడు. నా సంగతి అంత గౌరవమైనది కాదు. ఎద్దుల బేరం దగ్గర మా నాయనతో మాటా మాటా పెరిగి, అలిగి, నడికుడిలో రైలెక్కి గుంటూరు పోయి నేనూ పటాలంలో సంతకం పెట్టాను. నాయన దిగొచ్చి బతిమాలితే తిరిగొద్దామనే నా ఆలోచన. ఆ సంతకం యుద్ధం ముగిసేదాకా అని తర్వాత తెలిసింది. లారీల దళంలో ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ కూర్చున్న నాకు ఒకరోజు వెనకనుంచి, "ఏందిరా అబ్బాయ్, మనది ఏ ఊరు?" అని వినబడింది. ఆ క్షణం నుంచి ఆయన నాకు అన్న.

ఈజిప్టు ఎడారిలో మా గుడారాలు. రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్ళం కనక ఎండకు జంకలేదుగాని, ఆ ఖాళీకి జంకాం. గుడారాల చుట్టూ ముళ్ళతీగ ఉండేది. అది లేకపోయినా పారిపోయేందుకు అక్కడ ఎటూ లేదు. నేను సామాన్ల గుడారంలో ఉండేవాణ్ణి. అన్న మాత్రం యుద్ధం జరిగిన చోటికి వెళ్ళి దెబ్బతిన్న బండ్లను లాక్కొచ్చే బృందంలో పనిచేసేవాడు. ఒకసారి వెళ్ళొచ్చాక చానా రోజులు మాట్లాడలేదు, గుడారం బయటే పడుకునేవాడు. అడిగితే లోపల ఉక్కగా ఉందనేవాడు. ఇంతలో, మర్నాడు పొద్దున్నే అందరం పడమటికి, మళ్ళీ ఆ యుద్ధం వైపే, కదలాలని ఆర్డరొచ్చింది. కదిలేముందు ఒక్కపూట కైరో చూసి రమ్మని మా దళాన్ని లారీ ఎక్కించి రైలుస్టేషను దగ్గర దింపారు. సాయంత్రం ఎండ వాలకముందే అక్కడికి చేరకపోతే పారిపోయినట్టే లెక్క అని హవల్దారు మరీ మరీ చెప్పాడు.

ముందు ట్రామెక్కి పిరమిడ్లకు వెళ్ళాం. దూరం నుంచి నున్నగా కనిపిస్తాయిగాని, దగ్గరికి పోతే మన క్వారీ రాళ్ళంత మొరటుగా ఉన్నాయి. అక్కడి మనిషిముఖపు పెద్ద రాతిసింహానికి యుద్ధం వల్ల ఏ హానీ జరక్కుండా గడ్డం కింద ఇసుక బస్తాలు పేర్చి ఉంచారు. అన్న అది చూసి, "పాపం, ఈయన్ని గూడా పటాలంలో చేర్చుకున్నార్రా," అన్నాడు. చాలారోజుల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. కాని అందరూ వంగి పిరమిడ్ లోపలి సొరంగంలోకి దూరుతుంటే ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు పో, నేను చెప్పులు చూసుకుంటా," అన్నాడు. మా కాళ్ళకున్నవి బూట్లు, అవీ విప్పనక్కర్లేదు.

మధ్యాహ్నానికి పాత బస్తీ చేరాం. సన్నటి సందులు, వేయించిన జీలకర్ర వాసన, గాడిదలు, గుమ్మాల్లో కాఫీ తాగే మనుషులు. ఒక వీధి పొడుగునా రాగిపని వాళ్ళు. సుత్తుల మోతకు పక్కమనిషి మాట పక్కమనిషికి వినబడదు. ఆ వీధిలోనే ఒక పాత మసీదు, దానికి సన్నగా ఆకాశంలోకి లేచిన మినారు. అన్న లోపల నమాజు చేసుకుని వచ్చి కావలివాడికి సిగరెట్లిస్తే అతను మినారు తలుపు తీశాడు. చుట్లు చుట్లుగా తిరిగే మెట్లెక్కి పైన వసారాలోకి వచ్చేసరికి కైరో అంతా మా కాళ్ళకింద ఉంది. ఇసుకరంగు మిద్దెలు, వాటిమీద పావురాల గూళ్ళు, ఆరేసిన బట్టలు, దూరంగా నైలు నది మెరుపు. అన్న చాలాసేపు గాలి పీల్చుకుంటూ నిలబడ్డాడు. దిగి వచ్చి చూస్తే కింద తలుపుకు బయటినుంచి తాళం.

కావలివాడు మమ్మల్ని మరిచి అన్నానికి పోయాడు కాబోలు. నేను తలుపు గుద్దాను, తన్నాను, పైకి పరిగెత్తి వీధిలోకి కేకలు పెట్టాను. సుత్తుల మోతలో నా గొంతు నాకే వినబడలేదు. లారీ వెళ్ళిపోతుంది, పారిపోయామంటారు, జైల్లో వేస్తారు, మా నాయనకు ఆ కబురు అందుతుంది. అదే తలుచుకుంటూ మళ్ళీ మళ్ళీ అరిచాను. అన్న తీరిగ్గా పైమెట్టు మీద, కిటికీ సందు పక్కన కూర్చున్నాడు.

"అరవమాకరా. కూర్చో."

"బండి పోద్ది అన్నా!"

"పోనీ. తాళమేశారని చెబుదాం. అబద్ధం గాదుగా."

ఆయన మొహం కిటికీ సందు వైపు తిప్పుకున్నాడు. "కాలిన బండ్లలోంచి మనుషుల్ని బయటికి తీసింది నేనురా," అన్నాడు. "తలుపు బిగుసుకుపోతే లోపలోళ్ళు ఏం చేశారో ఆ తలుపుమీద గీతలు చూస్తే తెలుస్తది. నేను మళ్ళీ అటు పోలేను. ఇక్కడ గాలి ఆడుతుంది గదా. కాసేపు ఉండనీ."

మళ్ళీ తలుపు దగ్గరికి పోవడానికి కాళ్ళు రాలేదు. ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన తన పిల్ల సంగతి చెప్పాడు. తను వచ్చేనాటికి దానికింకా పళ్ళు రాలేదట, ఈపాటికి నడుస్తుంటుందట. కిటికీలోంచి పడిన ఎండచీలిక మెట్టు దిగి మెట్టు దిగి పోతుంటే లారీ గడువు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కింద తాళం చప్పుడైంది. గోడ తడుముకుంటూ ఒక ముసలాయన ఎక్కి వచ్చాడు. సాయంత్రపు నమాజుకు పిలుపు ఇచ్చే మనిషి. గుడ్డివాడు. మినారు మీంచి ఇళ్ళ లోగిళ్ళు కనబడతాయని ఆ పనికి అలాంటివాళ్ళనే పెట్టుకునేవారట. అన్న సలాం చెప్పాడు. ముసలాయన ఉలిక్కిపడి, చెయ్యి చాపి అన్న చొక్కా గుండీలూ ముఖమూ తడిమి, "హింద్?" అన్నాడు, ఇండియా వాళ్ళా అని. అన్న ఆ చేతిని రెండు చేతుల్లో పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు తగ్గేదాకా ముసలాయన నిలబడి, తర్వాత పైకి వెళ్ళి గొంతెత్తాడు. ఆ పిలుపు అయ్యేదాకా విని, అన్న మొహం తుడుచుకుని, "పద," అన్నాడు.

స్టేషను దగ్గర లారీ ఇంకా ఉంది. హవల్దారు మమ్మల్ని చూడగానే, "ఎక్కడ చచ్చావయ్యా మెకానిక్కు! బండి స్టార్టు కావడం లేదు, నీకోసమే చూస్తున్నాం," అని అరిచాడు. అన్న బానెట్టు ఎత్తి చూశాడు. చూడగానే జబ్బేమిటో ఆయనకు తెలిసిపోయింది, ఆ సంగతి ఆయన మొహంలో నాకు కనబడింది. అయినా చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. నావల్ల కాదు అంటే సరిపోయేది, పడమటికి కదలడం కాస్త ఆగేది. వెనక మావాళ్ళంతా బజార్లో కొన్న బొమ్మలూ బట్టలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు. అన్న వాళ్ళవైపు ఒకసారి చూసి, చొక్కా చేతులు మడిచి, ఇసుక పూడిన గొట్టం ఊది శుభ్రం చేశాడు. బండి మొదటిసారికే అందుకుంది. దారిలో నా చెవి దగ్గర, "చెయ్యి ఊరుకోలేదురా, ఏం జేసేది," అన్నాడు.

ఆ మర్నాడు కదిలిపోయాం. ఆ తర్వాతి యుద్ధం సంగతి చెప్పబోను. లారీలో ఉన్నవాళ్ళలో చాలామంది రాలేదు, మేమిద్దరం వచ్చాం. మాచర్ల రైల్లో కలిసే వచ్చాం. స్టేషన్లో ఆయన పిల్ల ఆయన్ని చూసి తల్లి వెనక దాక్కుంది. అన్న లారీల రిపేరు షెడ్డు పెట్టి దానికి తలుపన్నది లేకుండా నడిపి, వానాకాలంలో సైతం పంచలో పడుకుని, నిండు వయసులో పోయాడు. పిల్లలు కైరో గురించి అడిగితే రాతిసింహం కథ చెప్పి నవ్వించేవాడు. మినారు కథ నేను చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

కాలం అందరికీ ఒకేలా నడుస్తుందంటారుగాని, ఆ మెట్లమీద మా ఇద్దరికీ అలా నడవలేదు. తలుపు తెరుచుకునే వేళ తొందరగా రావాలని నేను, ఆ కాసేపూ గడవకూడదని ఆయన. ఇన్నేళ్ళకు, ఈ వయసులో, నేనూ ఆయన వైపుకే జరిగాను.