గుండు పెట్టని తుపాకీ

మా బావగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నా చేతిలో మైకు ఉంది. మురమళ్ళలో ఒక సత్రం అరుగు మీద సాయంకాలం ప్రసంగం మొదలుపెట్టబోతున్నాను. సంచిలో పురాణ గ్రంథం పక్కనున్న ఫోను మోగింది. ప్రసంగానికి ముందు నేను ఫోను ఎత్తను. కానీ చేసింది మా అక్క. "మీ బావగారు కాఫీకి లేవట్లేదురా," అంది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, రోజూ ఉండే చిరాకే ఉంది. నాకు అర్థమైంది. ఆవిడకి అర్థం కావడానికి ఇంకా కాసేపు పట్టింది. మైకు పక్కాయన చేతిలో పెట్టి అరుగు దిగాను. ఎదురుగా కూర్చున్న జనం చూస్తుండగానే బండెక్కాను.

నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు, నేను బడిలో నేర్చుకున్నది తక్కువ. కొబ్బరికాయలు వలిచే పని చేసుకుంటూ అక్షరం అక్షరం కూడబలుక్కుని గ్రంథం చదివాను. అర్థమైనదాన్ని రామాలయాల్లో నిలబడి అరిచి చెబుతాను. తాగుడు మీద అరిచాను, కోడిపందేల మీద అరిచాను, పొలం గట్టు కోసం అన్నదమ్ములు కత్తులు తీయడం మీద అరిచాను. నేను అరుస్తుంటే జనం తలలు దించుకుంటారు. దించుకోని మనిషి ఒక్కరే ఉండేవారు. ముందు వరసలో కూర్చుని, నా ముఖంలోకే చూస్తూ, ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూ తల ఊపేవారు. ఆయనే మా అక్క భర్త. నన్ను "స్వాములోరూ" అని పిలిచేవారు. బావమరిదిని ఆటపట్టించడానికి ఆయన ఎంచుకున్న పిలుపు అది.

ఆయన మస్కట్‌లో చాలాకాలం క్రేను నడిపారు. అక్కడ ఒక పెళ్ళిలో ముసలివాళ్ళు పొడుగాటి పాతకాలపు తుపాకులు పట్టుకుని ఆడుతూ, ఆకాశంలోకి పేల్చడం చూశారట. "ఒక్కడికీ దెబ్బ తగల్లేదండి. వట్టి చప్పుడు కోసం తుపాకీ. ఎంత బాగుందనుకున్నారు," అని నాకు పదే పదే చెప్పేవారు. వచ్చేశాక సఖినేటిపల్లి దగ్గర చిన్న కొబ్బరితోట కొన్నారు, తోట చివర చేపల చెరువు తవ్వించారు. చెరువు తవ్విన ఏడాదే నీటికాకులు దిగాయి. నల్లగా, బాతు అంత ఉంటాయి, మునిగి చేపని పట్టుకుని గాని పైకి రావు. వాటి పేరు చెప్పి మా బావగారు పంట కాపలా తుపాకీకి దరఖాస్తు పెట్టారు. మా అక్క మాత్రం నమ్మలేదు. "నీటికాకులు దొరికేయని మీ బావగారికి సంబరంగా ఉందిరా," అంది.

లైసెన్సు వచ్చాక ఆయన తుపాకుల కొట్టుకి వెళ్ళలేదు. ఎగువన కొండల దగ్గర, లైసెన్సున్న ఒక ముసలి పనివాడు చేత్తో తుపాకులు చేస్తాడని విన్నారు. తుఫానుకి పడిపోయిన పెరటి పనసచెట్టులోంచి ఒక చెక్క కోయించి, భుజాన వేసుకుని రైలెక్కారు. ఆ చెక్కతోనే చెయ్యాలన్నారట. ఆ ముసలాయన, క్యాపు, అంటే దెబ్బకి అంటుకునే మందుబిళ్ళ, పెట్టి కాల్చేది చేసిస్తాను, ఇప్పుడందరూ అదే వాడుతున్నారు అన్నాడట. మా బావగారు ఒప్పుకోలేదు.

"క్యాపు అయితే కొట్టువాడివ్వాలండి. రాయి అయితే దేవుడిస్తాడు," అన్నారు.

అలా తయారైంది ఆ చెకుముకి తుపాకీ. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మీట నొక్కితే, కొక్కెం కరిచిపట్టుకున్న రాయి ఎదురుగా ఉన్న ఉక్కు రేకుని గీరుతుంది. రవ్వలు కిందున్న చిన్న గిన్నెలోని మందు మీద పడతాయి. ఆ మంట పక్కనున్న బెజ్జంలోంచి గొట్టంలోకి పాకాలి, అప్పుడు పేలుతుంది. దాని రాయి కోసం ఆయన చేసిన వెతుకులాట అంతా ఇంతా కాదు. రాజోలు వెళ్ళే దారిలో కంకర కుప్ప కనపడితే చాలు, నా బండి ఆపించేవారు. జేబులోంచి ఇనుము అరగదీసే ఆకురాయి ముక్క తీసి ఒక్కో రాయినీ దానికి గీకి, రవ్వ రాలితే వాసన చూసేవారు. రోడ్డు పనివాళ్ళు ఆయన్ని ఇంజనీరు అనుకుని లేచి నిలబడేవారు.

తుపాకీ తెచ్చుకున్న రోజు నరసాపురం రేవులో నేను ఎదురెళ్ళాను. మా అక్క పాతచీరలో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని నది దాటించే పంటు ఎక్కారు. పక్కన చేపల తట్టతో కూర్చున్న ఒకావిడ అడిగింది.

"ఏంటండీ అది, వీణాండీ?"

"ఆయ్, వీణేనండి."

"మీరు వాయిస్తారాండీ?"

"ఇంకా నేర్చుకోలేదండి. ఇంటికెళ్ళి మొదలెడతాను."

గోదావరి దాటేదాకా ఆ ముఖంలో నవ్వు ఆగలేదు. నా సంగతి చెప్పనా, ఆ రోజు నేను ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. ఇంట్లోకి ఆయుధం వస్తోంది, అది మా అక్క ఇల్లు.

మొదటిసారి పేల్చినప్పుడు చెరువు గట్టు మీద నేను పక్కనే ఉన్నాను. గొట్టంలో మందు పోశారు. దాని మీద కొబ్బరి పీచు ఉండచుట్టి కడ్డీతో దిగ్గొట్టారు. అంతే, ఇంకేమీ వేయలేదు.

"గుండేదండీ బావగారూ?"

"గుండెందుకండీ స్వాములోరూ? పక్షికి చెప్పాల్సింది చెబితే చాలదా?"

మీట నొక్కారు. గిన్నెలో భుస్సుమని పొగ వచ్చింది, తుపాకీ మాత్రం ఊరుకుంది. నేను పగలబడి నవ్వి, "మీ తుపాకీ తుమ్మిందండీ," అన్నాను. ఆయన చెయ్యి దించలేదు, నా వైపు చూడలేదు. నా నవ్వు పూర్తి కాకుండానే పేలింది. చెరువు మీది పక్షులన్నీ లేచిపోయాయి. పక్క తోటలోవాళ్ళు గ్యాసు బండ పేలిందనుకుని బిందెలతో పరిగెత్తుకొచ్చారు. పొగలోంచి బయటికి వచ్చి ఆయన చెప్పిన మాట ఇది: "నిప్పుకీ చప్పుడుకీ మధ్య కొంచెం ఖాళీ ఉంటదండి. అప్పుడు చెయ్యి కదపకూడదు. మీ ప్రసంగంలో ఆ ఖాళీ లేదు. అదొక్కటే లోటు." నా ప్రసంగాల మీద నేను విన్న విమర్శల్లో నిజమైనది ఆ ఒక్కటే. అయినా మారలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఎక్కడో గట్టు తగాదాలో ఒకాయన తుపాకీ చూపించి తమ్ముణ్ణి బెదిరించాడని తెలిసి నా ఒళ్ళు మండింది. రామాలయంలో మైకు పట్టుకుని, ఇంట్లో తుపాకీ ఉన్నవాడి గుమ్మంలోకి దేవుడు రాడు, తీసుకెళ్ళి ప్రభుత్వానికి అప్పగించేయండి అని ఊరు దద్దరిల్లేలా చెప్పాను. మా బావగారు ముందు వరసలోనే ఉన్నారు. ప్రసాదం తీసుకుంటూ గర్భగుడి వైపు చూపించారు.

"ఆ స్వామి చేతిలో ఉన్నదేంటండీ?"

"విల్లు. కానీ బాణం ఎక్కుపెట్టి లేదు చూడండి."

"నా తుపాకీలోనూ గుండు లేదు కదండీ. ఆయనా నేనూ ఒకటే."

సంచిలోంచి గ్రంథం తీసి అక్కడే అరుగు మీద కూర్చుని జవాబు కోసం పేజీలు తిప్పాను.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. అది ఆ ఇంట్లో ఒక తంతు. ఆయన గొట్టం తుడిచి, పనస కర్రకి కొబ్బరినూనె రాసి, అదే చీరలో చుట్టేవారు. మా అక్క గుమ్మంలో నిలబడి, "కోడల్ని పుట్టింటికి పంపిస్తున్నారా?" అనేది. "పంపుతున్నానే. నువ్వెళ్ళమంటే వెళ్ళవు కదా," అనేవారు ఆయన. నా బండి మీద వెనక కూర్చుని తీసుకెళ్ళి ఇచ్చేవారు. తిరిగి తెచ్చేరోజు ఇంట్లో పులిహోర ఉండేది.

మొన్నటి ఎన్నికలకి అలాగే ఇచ్చి వచ్చారు. ఆ వెంటనే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట నెమ్మదిగా తిరిగి వచ్చింది. వచ్చాక ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "స్వాములోరూ, తుపాకీ ఇంటికి తెచ్చేద్దాం. నేనింక కాల్చలేను, తెలుసు. మంచం పక్కన ఉంటే చాలు. వీలైతే ఒక్కసారి మీరు పేల్చండి, నేను వింటాను." అడగడం తెలియని మనిషి అడిగారు.

ఆటోలో స్టేషన్‌కి తీసుకెళ్ళాను. మనిషి పరిస్థితి చూసి హెడ్ కానిస్టేబుల్ గారు రిపోర్టు రాయాలి, దాన్నిబట్టి పైవాళ్ళు ఇస్తారు. అతను నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. హామీ నేనుంటాను, రిపోర్టు రాయి నాయనా అన్నాను.

"ఎలా రాస్తానండీ గురువుగారూ? ఆ రోజు రామాలయంలో నేనూ ఉన్నానండి. మీ మాట విన్నాకే మా నాన్నగారి తుపాకీ నేనే సరెండరు చేయించేను. ఆయన అన్నం మానేసేరు. అయినా సరే, మీరు చెప్పేరని చేయించేను."

"అది వేరయ్యా. ఇందులో గుండు కూడా పెట్టరు."

"మా నాన్నగారూ పెట్టేవారు కాదండి."

నేను స్వరం పెంచాను. యుద్ధంలో ఆయుధం పట్టనని మాటిచ్చిన స్వామి కూడా భక్తుడి కోసం తన మాట తాను తప్పి చక్రం ఎత్తాడు, ఆ కథ నేను చెప్పగా నువ్వు విన్నావా లేదా అని నిలదీశాను.

"విన్నానండి. ఏడ్చేను కూడా. కానీ ఆయన స్వామండి, నేను హెడ్ కానిస్టేబుల్ని," అన్నాడు. చేతులు కట్టుకుని, "మీరు నన్ను పరీక్షిస్తున్నారేమో అనుకుంటున్నానండి," అన్నాడు.

అంత శ్రద్ధగా నా మాట విన్నవాడు ఇంకొకడు లేడు. వాడి ముందు నా మాటని నేను ఎలా కొట్టేయను? బెంచీ మీద నుంచి మా బావగారి నవ్వు వినిపించింది. సగం నోటితోనే నవ్వుతున్నారు. "మీ తూటా మీకే తగిలింది స్వాములోరూ. పోనీలెండి. ఒకసారి చూపిస్తారాండీ, నూనె రాసి ఇచ్చేస్తాను," అని హెడ్ గారిని అడిగారు.

తెచ్చి ఒళ్ళో పెట్టాడు. కొక్కెం దగ్గర తుప్పు మొదలైంది. మా బావగారు ఎడమచేత్తో, గుడ్డముక్కతో, ఎంతసేపో తుడిచారు. నేను సాయం చేయబోతే మోచేత్తో నెట్టారు. చివరికి కొక్కెం మర వదులు చేసి, రాయి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"బాబాయిగారూ, అది," అన్నాడు హెడ్.

"లైసెన్సులో తుపాకీ ఉందండి. రాయి లేదు," అన్నారు.

అతను తుపాకీని మళ్ళీ చీరలో చుట్టి లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత నేను పై ఆఫీసుకి తిరిగాను. డాక్టరు కాగితం అడిగారు, తెచ్చాను. మళ్ళీ రమ్మన్నారు, వెళ్ళాను. ఈలోగా ఆయన గట్టు మీద కుర్చీ వేయించుకుని, ఒళ్ళో ఆకురాయి పెట్టుకుని, ఎడమచేత్తో ఆ రాయిని గీకుతూ రవ్వలు చూసుకునేవారు. పక్షులు ఆయన కాళ్ళ దాకా వచ్చేవి. "రాయి పనిచేస్తోందండీ," అనేవారు నేను వెళ్ళినప్పుడల్లా. నేను "వచ్చేవారం వస్తుంది బావగారూ" అనేవాణ్ణి. ఆయన "ఆయ్" అనేవారు, రామాలయంలో అన్నట్టే, నా ముఖంలోకి చూస్తూ. ఒక్కసారీ నిందించలేదు. నిందిస్తే జవాబు చెప్పేవాణ్ణి.

పోయాక ఆయన్ని ఆఖరి స్నానానికి దించినప్పుడు జేబులో రాయి ఉంది. అక్క దాన్ని తీసి పొయ్యిగట్టు మీద పెట్టింది. హెడ్ కానిస్టేబుల్ యూనిఫాం లేకుండా వచ్చి దూరంగా నిలబడ్డాడు. దహనం అయ్యాక అందరూ రేవు నుంచి తిరిగి వస్తుంటే నా పక్కకి వచ్చి, "నేను తప్పు చేసేనాండీ గురువుగారూ?" అని అడిగాడు. లేదు నాయనా, నువ్వు చేసింది నేను చెప్పిందే అన్నాను. అతను తేలికపడి వెళ్ళాడు. నా బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు. మాట చెప్పడం తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ అది ఎవరి మంచం దాకా వెళుతుందో చూసుకునేపాటి ఓపిక ఉండాల్సింది.

మనిషితోపాటే లైసెన్సూ పోతుంది. కావాలంటే భార్య తన పేర అడగొచ్చన్నారు. "నాకెందుకురా అది. ఆయన చేతిలో ఉంటేనే భయమేసేది," అంది అక్క. ఇక ఆ తుపాకీని ఏం చేస్తారో నాకు తెలియదు. కోసి ఇనుములో వేస్తారని ఒకాయన చెప్పాడు. పనస చెక్కని ఏం చేస్తారని అడగాలనిపించింది, అడగలేదు.

మొన్న పొద్దున్నే వెళితే ఇంట్లో అక్క లేదు. తోటలోంచి నడిచి వెళ్ళాను. చెరువులో పాతిన వెదురు గడల మీద నీటికాకులు వరసగా కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. గట్టు మీద అక్క ఉంది. కొంగు నడుముకి దోపుకుని, ఎడమచెయ్యి ముందుకి చాపి, కుడి పిడికిలి భుజానికి ఆనించుకుని, ఒక కన్ను మూసింది. నేను వెనక ఉన్నానని ఆవిడకి తెలియదు.

"ఢాం," అంది.

ఒక పక్షి లేచి పక్క గడ మీద వాలింది. తక్కినవి మెడలు తిప్పి ఆవిడ వంక చూశాయి.