కెమెరా నాదే, చూపు నాది కాదు

డిగ్రీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం ప్రొద్దుటూరు నుంచి గండికోట పోయి ఒక పాట వీడియో తీశాం. కెమెరా పట్టింది నేను. నటించింది నా స్నేహితురాలు, పాడింది మా క్లాసు అబ్బాయి.

తీసినదంతా ల్యాప్‌టాప్‌లో చూశాక నా స్నేహితురాలు మెల్లగా అడిగింది. "ఏం మే, వాడికేమో మొగం చూపించినావు. నాకు జడ, నడుము, కాళ్లు. దీంట్లో నేను యాడుండాను?"

నాకు తల కొట్టేసినట్టయింది. తెర మీద ఆడవాళ్లను ఎక్కువగా మగవాళ్ల కళ్లతోనే చూపిస్తారని ఆ వారమే క్లాసులో మా మేడమ్ పాఠం చెప్పారు. నేను శ్రద్ధగా రాసుకున్నాను కూడా. కెమెరా ఆడపిల్ల చేతిలో ఉంటే చూపు దానంతటదే మారుతుందనుకున్నాను. కానీ చిన్నప్పటి నుంచి చూసిన పాటలే నా చేత అట్లా తీయించాయి.

మరుసటి ఆదివారం మళ్లీ పోయాం. ఎట్లా నిలబడాలో ఈసారి నేను చెప్పలేదు. "నువ్వు ఏం చూస్తే అదే తీస్తా" అన్నాను.

ఆమె బండ మీద కూర్చుని చాలాసేపు కింద పెన్నను చూసింది. తర్వాత పాడుతున్న అబ్బాయి వైపు తిరిగి రెప్ప వేయకుండా చూసింది. వాడు పల్లవి మర్చిపోయాడు.

"అట్ల చూడాకు మే, శానా సిగ్గయితాంది!" అన్నాడు.

ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆ నవ్వును కూడా వీడియోలో ఉంచేశాం.

కాలేజీలో వీడియో వేసిన రోజు మొదటి ఏడాది అమ్మాయి ఒకామె నా దగ్గరికొచ్చింది. "అక్కా, నాకూ కెమెరా నేర్పిస్తావా?" అని అడిగింది.