నెత్తిదాకా నిండిన ట్యాంకు

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ల వయసులో, తిరుపతిలో మా ఇంటి నీళ్ల మోటారు మొరాయిస్తే దాని జబ్బేమిటో నేనే కనిపెట్టానని నలభై ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను. పంపుల మరమ్మతు నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజు చెప్పే కథ అదే. అందులో చాలావరకు నిజమే. కనిపెట్టింది నేను కాదన్న ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మాది పాతకాలపు మిద్దె. వెనక బావి, దాని చుట్టూ ఆరు గదులు. కొండకు వెళ్లే యాత్రికులకు వాటిని అద్దెకిచ్చేవాళ్లం. కొయ్య దూలాల మీద నిలిచిన ఆ మిద్దె నీళ్లతొట్టి బరువు మోయదని మేస్త్రీ చెప్పడంతో మా నాయన మద్రాసు నుంచి ప్రెషర్ ట్యాంకు ఒకటి తెప్పించాడు. మనిషి రొమ్మెత్తు ఇనప పీపా అది. బావి పక్కన నేలమీదే నిలబెట్టారు. మోటారు అందులోకి నీళ్లు తోస్తుంది. పైభాగంలో ఉన్న గాలి ఆ నీళ్ల ఒత్తిడికి అణిగి, ఎవరైనా కొళాయి తిప్పగానే నీళ్లను బయటికి నెడుతుంది. నాలుగు బిందెలు పట్టాక గానీ మోటారు మళ్లీ తనంతట తాను తిరగదు. ఈ లోపలి మర్మం అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దున మీట వేస్తే నీళ్లొస్తాయి, అంతవరకే తెలుసు.

ఆ మీట వేసేది మా గదులు ఊడ్చే అక్క. కాణిపాకం పక్క పల్లె ఆమెది. పెళ్లికి ముందు ఊళ్లో పాలకేంద్రంలో క్యానులు కడిగి, నింపి, లారీకి ఎత్తించే పని చేసిందట. మా ఇంట్లో మోటారు ఆమె చేతిలోనే ఉండేది. దానికి బొట్టు పెట్టేది, ట్యాంకును తడిగుడ్డతో తుడిచేది, తుడిచాక అలవాటుగా కింది నుంచి పైదాకా వేలిముణుకులతో కొట్టేది. మా వీధిలో మోటారు ముట్టుకునే ధైర్యం ఇంకే ఆడమనిషికీ లేదు. ఇరుగుపొరుగు ఆమెను మోటారమ్మ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వినపడితే ఆమె నడకే మారిపోయేది.

ఒక ఎండాకాలం పొద్దున, ఆరు గదులూ నిండి ఉండగా, మోటారుకు పిచ్చిపట్టింది. చెంబెడు నీళ్లు పడితే చాలు టక్కున తిరగడం, కొళాయి కట్టేస్తే టక్కున ఆగడం. అరగంటకు చేయి పెట్టలేనంత వేడెక్కింది. గుండు కొట్టించుకుని దిగివచ్చిన యాత్రికులు తలకు చందనంతో బావి దగ్గర చేదకోసం వరసకట్టారు. బజారు నుంచి వచ్చిన మెకానిక్కు మోటారు మీద ఉమ్మి అద్ది చూసి, "లోపల చుట్ట కాలిపోయిండాదన్నా. ఇప్పి తీసకపోవాల. వారం పడతాది" అన్నాడు.

మా అవ్వకు కారణం వెతకాల్సిన పని లేకపోయింది.

"నీవల్లనే మే. మూడు గదుల్లో ఒకేసారి కొళాయిలు తిప్పి డ్రమ్ములకు పట్టినావు. మోటారమ్మంట మోటారమ్మ. ఇంక దాని జోలికి పోయినావంటే సూడు."

మెకానిక్కు పానాలకూ రిక్షాకూ బజారుకు పోయాడు. అతను వచ్చేదాకా ఎవరినీ మోటారు దగ్గరికి రానివ్వవద్దని నన్ను కాపలా పెట్టారు. చీపురుతో వచ్చిన అక్క నన్ను దాటి పోలేదు. నా చేయి పట్టుకుని ట్యాంకు దగ్గరికి తీసుకుపోయింది.

"కొట్టు సామీ. ఈడ కొట్టు. ఇప్పుడు పైన కొట్టు."

కొట్టాను. కింద మొద్దుగా పలికింది. పైనా మొద్దుగానే పలికింది.

"నేను దినామూ కొడతా గదా. సగం దాకా మొద్దుగా ఉంటాది, ఆపైన గణగణమంటాది. ఈపొద్దు నెత్తిదాకా మొద్దే. క్యానులో పాలు నెత్తిదాకా పోసేస్తే కొట్టినా మోగదు సామీ. దీంట్లో గాలి అయిపోయి నీళ్లు నిండిపోయిండాయి. మోటారు బాగుండాది. పాపం, నీళ్లు తొయ్యను దానికి తావు లేదు, అంతే."

ఏం చేయాలని అడిగాను. క్యాను ఎక్కువ నిండితే వంపుతాం గదా, అడుగున కొళాయి ఉంది గదా అంది. మరి నువ్వే చెప్పు అన్నాను. ఆమె చీపురు వైపు చూసుకుని నవ్వింది.

"నా మాట యాడ ఇంటారు? నువ్వు చెప్పు, ఇంటారు. అయినంక నేను చెప్పినానని కూడా చెప్పాల సామీ. లేకపోతే మీ అవ్వ నన్ను ఇంక మోటారు కాడికి రానీదు."

చెప్తానన్నాను. ఒట్టు కూడా పెట్టాను.

ట్యాంకు నిండిపోయిందని, వంపాలని నేను చెబితే మా నాయన నమ్మలేదు గానీ, రిక్షా వచ్చేదాకా ఊరికే ఉండటం ఎందుకని ఒప్పుకున్నాడు. మీట ఆపి అడుగు కొళాయి తిప్పాడు. బిందెడు నీళ్లు వచ్చి ధార సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. అప్పటికి తిరిగి వచ్చిన మెకానిక్కు పకపకా నవ్వాడు. "ట్యాంకు నిండిందన్నాడే మీ ఇంజనీరు, నీళ్లు యాడ?" అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. అక్క కోసం చూశాను. ఆమె ఎప్పుడు వెళ్లిందో మూలగదిలోకి వెళ్లింది. అక్కడి కొళాయి తిప్పిన చప్పుడు నాకొక్కడికే అర్థమైంది. దాని గుండా గాలి లోపలికి పోయి ట్యాంకు గుడగుడమంది. అడుగున నీళ్లు వరదలా దూకి మెకానిక్కు చెప్పులు తడిపాయి. నూనెడబ్బాకు ఒక బొక్కే పొడిస్తే నూనె కారదని, రెండో బొక్క పొడవాలని వంటింట్లో అందరికీ తెలుసు. బావి దగ్గర ఆ సంగతి గుర్తొచ్చింది ఆమె ఒక్కదానికే.

ట్యాంకు ఖాళీ చేసి, కొళాయిలు కట్టేసి, మీట వేశారు. మోటారు ఒకే వరసన తిరిగి నిదానంగా ఆగింది. నేను కొట్టి చూశాను. కింద మొద్దు, పైన గణగణ. యాత్రికులు మూడు బిందెలు పట్టుకున్నా మోటారు కదల్లేదు.

"ఎట్లా తెలిసిందిరా నీకు?" అన్నాడు నాయన.

మూలగది గడపలో అక్క తడిచేతులతో నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది. మెకానిక్కు నా వీపు తట్టి, "మీవోడు గట్టోడన్నా" అన్నాడు. గుండ్ల మీది చందనాలన్నీ నావైపు తిరిగాయి.

"కొట్టి చూసినాను నాయనా" అన్నాను.

అది అబద్ధం కాదు. నేను కొట్టిన మాట నిజమే. అంతకంటే పెద్ద అబద్ధం నేను నా జన్మలో ఆడలేదు. అవ్వ నాకు దిష్టి తీసి, అక్కతో, "రేపట్నుంచి మోటారు అబ్బోడు సూసుకుంటాడు. నువ్వు గదులు సూసుకో మే" అంది. అక్క తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరూ ఆమెను మోటారమ్మ అనలేదు. నాకు మోటారబ్బోడని పేరొచ్చింది. ఆమె మీటను ముట్టుకోలేదు, నన్ను నిలదీయలేదు. కానీ రెండు మూడు నెలలకొకసారి ట్యాంకు పక్కనుంచి పోతూ పోతూ దాని నెత్తిన రెండు దెబ్బలు కొట్టి, నా వైపు చూసి, ఆగకుండా వెళ్లిపోయేది. నేను లేచి వెళ్లి కొడితే మొద్దుగా పలికేది. అంటే నీళ్లు వంపాల్సిన వేళయిందన్నమాట. నా పేరు చెడకుండా మా ఇంట్లో ఉన్న నాలుగేళ్లూ కాపాడింది ఆ రెండు దెబ్బలే. నాకు సిగ్గేసేది. అయినా నోరు తెరవలేదు.

నేను ఐటీఐ చదివాను. తిరుపతి లాడ్జీల్లో నా చేయి పడని పంపులు తక్కువని గర్వంగానే చెప్పగలను. ఇప్పటికీ ఎక్కడికి పోయినా పానా తీసేముందు వేలిముణుకులతో కొట్టి వింటాను. విన్నాకే విప్పుతాను. ఆ అలవాటు చూసి జనం మెచ్చుకున్న ప్రతిసారీ నాకు గర్వమే కలిగింది. అది ఎవరి గర్వమో నాకు తెలుసు.

పోయిన వేసవిలో ఒక ఇంట్లో ట్యాంకు బాగుచేసి, ఇంటాయనకు నా చిన్ననాటి కథ చెబుతున్నాను. మెట్లు తుడుస్తున్న ఆమె చేతిలో గుడ్డ ఆపి అడిగింది. "పన్నెండేండ్ల పిల్లోడికి మోగేదెంత, మోగందెంత అని ఎట్లా తెలుస్తాది సార్? దినామూ తుడిచేవాళ్లకు గదా తెలిసేది?" ఇంటాయన ఆమెను కసిరాడు. నాకు మాత్రం ఆ కథ మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు.

అక్క కాణిపాకం దగ్గర కూతురింట్లో ఉందని వాకబు చేసి తెలుసుకున్నాను. ఒంటరిగా పోవడం సరికాదనిపించింది. ఏ మనిషి ముందు మాట దాచానో ఆ మనిషి ముందే చెప్పాలి. అవ్వ ఎప్పుడో పోయింది. చెవులు సరిగా వినపడని మా నాయనను కారులో కూర్చోబెట్టుకుని వెళ్లాను.

అక్క వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది, చూపు మందగించలేదు. నన్ను చూడగానే, "ఏం సామీ, ట్యాంకు నిండిపోయినాదా?" అంది. నేను ఆమె ముందు నిలబడి, దారిపొడుగునా కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, తోచినట్టు చెప్పాను.

"అక్కా, ఆపొద్దు ట్యాంకు జబ్బు కనిపెట్టింది నువ్వు. నేను కాదు. నీ పేరు చెప్తానని ఒట్టు పెట్టి చెప్పలేదు. నీ మోటారు నేను లాక్కున్నాను. తప్పు చేసినాను. నన్ను క్షమించక్కా."

"నాకు కొత్తగా చెప్తా ఉండావే. నేను ఆడనే గదా నిలబడుకోనుండింది" అంది. తర్వాత, "ఏమంటాడు వీడు?" అని చెవి దగ్గర చేయి పెట్టుకుని ముందుకు వంగిన మా నాయనను చూసి, చీరకొంగు భుజం మీదికి సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"మీ నాయనకు ఇనపడలేదంట సామీ. ఇంగోసారి చెప్పు."

వీధిలో నాలుగిళ్లకు వినపడేలా మళ్లీ చెప్పాను.