వాసన లేదని చెప్పాను

కొరోనా వచ్చి పోయాక అందరికీ నెలకో రెండు నెలలకో వాసన తెలియడం మళ్ళీ మొదలైంది. నాకు కాలేదు. ఈ సంగతి నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. చెప్తే ఏమవుతుంది? దవాఖాన అంటుంది, చిట్కాలు అంటుంది, పొద్దున్నే ముక్కులో ఏదో ఒకటి పిండుతుంది. నేను సూర్యాపేటలో లెక్కల మాస్టర్ని. ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. నాలో లోపం ఉందంటే ఒప్పుకునే అలవాటు లేదు. అందుకని భోజనం దగ్గర కూర్చున్నప్పుడల్లా గిన్నె మూత తీసి, కళ్ళు మూసుకుని "ఆహా" అనేవాణ్ణి. ఆమె మురిసిపోయేది. నాకూ హాయిగానే ఉండేది.

మా కారుకు పన్నెండేళ్ళు. పోయిన వానాకాలంలో దాని సైలెన్సర్ తుప్పు పట్టి, సరిగ్గా బడి గేటు ముందే ఊడి పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కంపెనీ సైలెన్సర్ కావాలంటే పదిహేను రోజులు ఆగాలన్నారు. ఆగడం నాకు చేతకాదు. కోదాడలో బయటి కంపెనీవి దొరుకుతాయని తెలిసి ఆ సాయంత్రమే బస్సెక్కాను. పాతది కూడా పట్టుకుపొమ్మని నా భార్య చెప్పింది, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చని. "కొలతలు నాకు చెప్తవా?" అని గదమాయించి వట్టి చేతులతో వెళ్ళాను.

కోదాడకు పోతే మాట సగం ఆంధ్రాకు తిరుగుతుంది. "మీ కారుదేనండి మాస్టారూ, కళ్ళు మూసుకుని బిగించుకోవచ్చు," అన్నాడు దుకాణదారు. ఆయన చెప్పినట్టే కళ్ళు మూసుకుని కొన్నాను.

మర్నాడు సూర్యాపేట మెకానిక్ కారును పైకి లేపి, కొత్త సైలెన్సర్‌ను కింద పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు.

"సార్, మోడల్ గిదే. గని గీ కొక్కెం ఇంచు ఎనక్కుండాలె. పైపు వంపేమో పోయి ఇరుసుకు తాకుతున్నది. ముందట జాయింటు కాడ బోల్టుల బొక్కలు కలుస్తలేవు. వాపస్ ఇచ్చి రాపోండ్రి."

మళ్ళీ కోదాడ పోవడమా? నా భార్య ముందు నుంచే ఆ తుప్పు సైలెన్సర్‌ను చంకలో పెట్టుకుని బస్సెక్కడమా? "ఇనుమే గదనయ్యా, వంగదా?" అన్నాను.

నా మాట మీద అతను వంచాడు. ముందటి జాయింటును, పొగ కారకుండా మధ్యలో పెట్టే ప్యాకింగు పాతదే వేసి, గట్టిగా బిగించాడు. తర్వాత వెనక భాగాన్ని తాడుతో గుంజి, కొక్కేన్ని కారు కింద వేలాడే రబ్బర్లకు తగిలించాడు. ఇరుసుకు తాకే చోట సుత్తితో కొట్టి పైపుకు సొట్ట పెట్టాడు. ఇంజను వేస్తే సైలెన్సర్ ఊడినప్పటి మోత పోయింది. నాకు కావలసింది అదే.

"సార్, లోపల కూసోని సూడుండ్రి. పొగ వాసన గిట్ల వస్తుందా?" అని అడిగాడు.

ఇక్కడి షెడ్లలో కారుకు ఆఖరి పరీక్ష యజమాని ముక్కే. నేను లోపల కూర్చున్నాను. గిన్నె మూత తీసినప్పటిలాగే కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాను.

"లేదు," అన్నాను. అతను నమ్మాడు, చేతులు కడుక్కున్నాడు.

మా ఆవిడది మిర్యాలగూడ. అక్కడి చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే, పెళ్ళికి ముందు నుంచీ. ఆమె గొంతు లేస్తేనే తక్కినవాళ్ళు అందుకుంటారు. వారమంతా ఇంటి పని, వంట, నా కోపాలు. ఆదివారం ఆ రెండు గంటలు మాత్రం ఆమెవి. ప్రతి ఆదివారం నేనే కార్లో తీసుకెళ్ళేవాణ్ణి. ఊరు దగ్గరపడగానే రైసు మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన వస్తుంది. "వాసనొచ్చింది, ఊరొచ్చింది," అనేది ఆమె. "అవును," అనేవాణ్ణి నేను.

కొత్త సైలెన్సర్ వేశాక మొదటి ఆదివారం పొగ వాసన అంది. ముందు పోయే లారీది అన్నాను. రెండో ఆదివారం మూసీ వంతెన దాటేసరికి తలనొప్పి అంది. మూడో ఆదివారం దారిలో కారు ఆపించి వాంతి చేసుకుంది.

"నీకు కారు పడతలేదు," అన్నాను.

"ఇన్నేండ్లు పడ్డది ఇప్పుడెందుకు పడది?"

"వయసు."

నేను కిటికీ దించి, మోచెయ్యి బయటపెట్టి నడుపుతాను. ఆమె దుమ్ముకు గొంతు పోతుందని తనవైపు అద్దం ఎత్తుకుంటుంది. ఆ రోజు చర్చిలో రెండో చరణం దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది. ఎవరో అందుకున్నారు, పాట సాగిపోయింది.

తర్వాతి ఆదివారం, "నేను బస్సుకు పోత," అంది.

"పోతే పో," అన్నాను. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళాం బస్సులో, మొగుడి కారు ఇంటి ముందర. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

నాలుగు ఆదివారాలు బస్సుకే పోయింది. తలనొప్పి లేదు, వాంతి లేదు, గొంతు బాగుంది. ఆరో తరగతి పిల్లాడు చేసే లెక్క అది. చేయలేక కాదు, చేస్తే నా ముక్కు సంగతి బయటపడుతుందని చేయలేదు.

డిసెంబరులో రెండో శనివారం క్రిస్మస్ పాటల ప్రాక్టీసు పెట్టుకున్నారు. పొద్దున మంచు బాగా కురిసింది, బస్సులు ఆలస్యం. నేనే చాయ పెట్టి ఇచ్చాను, కార్లో పోదామన్నాను. ఆమె కాసేపు తటపటాయించి ఎక్కింది. చలికి ఆ రోజు నా వైపు అద్దం కూడా ఎత్తేశాను.

మూసీ దాటాక ఆమె తల పక్కకు వాలింది. "నిద్రొస్తుందా?" అన్నాను. "ఊఁ" అంది, నాలుక మందమైనట్టు. నాకూ కణతలు పోటెత్తుతున్నాయి. మళ్ళీ పిలిస్తే పలకలేదు. అప్పుడు భయమేసి అద్దాలన్నీ దించాను. చల్లగాలి కొట్టాక మెల్లగా కళ్ళు తెరిచింది. మిర్యాలగూడ మొదట్లో పాత సైలెన్సర్లు వేలాడదీసిన షెడ్డు కనిపించగానే, "ఇక్కడ ఆపు," అంది.

దిగి, అక్కడున్న స్టూలు మీద తల పట్టుకుని కూర్చుంది. వెల్డింగు మేస్త్రి తల నెరిసిన మనిషి. ఆమెకు నీళ్ళిచ్చి, ఏమైందని అడిగాడు.

"కొత్త సైలెన్సర్ ఏసినప్పటి సంది కారుల పొగ వాసన. సారుకు రాదంట," అంది.

ఆయన ఇంజను వేయించి, ఆమె కూర్చునే వైపు తలుపు తీసి వంగాడు. "ఎట్ల రాదు సార్? గుప్పున కొడ్తున్నది!" ఇంజను బందు చేసి ఆమె కాళ్ళ దగ్గరి మ్యాటు లేపాడు. కింద రేకుకు ఒక బొక్క, దాని రబ్బరు మూత ఎప్పుడో ఊడిపోయింది. చుట్టూ నల్లగా మసి. వేలితో రాసి నాకు చూపించాడు. "జాయింటు వంకర కూసున్నది. పొగంత గీడికెళ్ళి అమ్మ కాళ్ళ కాడికే ఎక్కుతున్నది. వాసనున్న పొగ జర నయం సార్, దీంట్ల వాసన లేని విషం ఇంకోటుంటది. నిద్ర వచ్చినట్టే ఉంటది. అంతే, ఖతం."

ఇన్ని వారాలూ ఆమెను ఆ బొక్క మీద కూర్చోబెట్టి, వయసు మీద పడిందని వెక్కిరించాను. సిగ్గేసింది. అంతకంటే భయమేసింది.

"నాకు వాసన తెల్వది," అన్నాను. "కొరోనా అప్పటి సంది."

ఆమె తలెత్తింది. "నాలుగేండ్ల సందా?"

"ఊఁ."

"మరి మూతలు తీసి ఆహా ఆహా అన్నది?"

"ఉత్తగనే."

మేస్త్రి నవ్వు ఆపుకోలేక దగ్గుతూ కారు కిందికి దూరాడు.

పనంతా ఆయన మొదటి నుంచి చేశాడు. బోల్టులన్నీ విప్పి, సైలెన్సర్ దించి, పాత ప్యాకింగు అవతల పారేశాడు. "అందరు గిదే తప్పు చేస్తరు సార్. ముందటిది బిగిస్తరు, ఎనక తోక గుంజుతరు. తోక గుంజితే మూతి వంకరైతది." తప్పుడు చోట ఉన్న కొక్కేన్ని గ్యాసుతో కోసేశాడు. బోల్టులన్నీ వదులుగా పెట్టి, పైపును తన బరువుకు తాను సర్దుకోనిచ్చాడు. అప్పుడు కొక్కెం ఎక్కడికి రావాలో సుద్దతో గీసి, అక్కడ అతికించాడు. ఇరుసుకూ పైపుకూ మధ్య వేలు పెట్టి చూసుకున్నాడు. కొత్త ప్యాకింగు వేసి, ముందు నుంచి వెనక్కి ఒక్కో బోల్టూ బిగించాడు. రేకు బొక్కకు కొత్త మూత పెట్టాడు. పొగ గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టి, ఇంజను వేయించి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు పోస్తే ఒక్క బుడగ లేవలేదు.

"ఇగ లోపల కూసోని సూడు అమ్మా," అన్నాడు. నన్ను అడగలేదు.

ఆమె ఎక్కి కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని అద్దాలన్నీ ఎత్తి, ఇంజను వేసి ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను. చాలాసేపటికి, "లేదు," అంది.

ప్రాక్టీసు ఇంకా అయిపోలేదు. చర్చి వైపు బయల్దేరాం. మిల్లుల దగ్గర ఆమె కొంచెం అద్దం దించింది. "వడ్లు ఉడుకుతున్నయ్," అంది. ఎప్పటిలాగా అవును అనబోయి నోరు మూసుకున్నాను.

ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"నేను బస్సుకు పోయిన ఆదివారాలు గ్యాస్ నువ్వే ముట్టించుకున్నవా?"

"ఊఁ. చాయకు."

"ఓసారి బస్సుల కూసోని ఫోన్ చేసిన. పొయ్యి సరిగ బందు చేసిన్నో లేదో, గ్యాస్ వాసన వస్తుందా సూడుమన్న. లేదన్నవు."

నాకు గుర్తుంది. ఆ రోజు నేను మంచం మీంచి లేవను కూడా లేదు.

"ఇయ్యాల చాయ పెట్టింది నువ్వే గద. బందు చేసినవా?"

"చేసిననే అనుకుంటున్న."

"అనుకునుడేంది!" ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "కారు మర్లేయి. ఇంటికి పోదాం."

"పాట?"

"ఎవరో ఒకరు ఎత్తుకుంటరు. మర్లేయి."

తిప్పాను. మూసీ వంతెన దాకా ఆమె చర్చివాళ్ళతో ఫోనులో మాట్లాడింది. తాళం తీయబోతుంటే నన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, తనే తీసింది. స్విచ్ ముట్టుకోకుండా కిటికీలన్నీ తెరిచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి బందయ్యే ఉంది. అయినా సిలిండర్ దగ్గర వంగి ఒకసారి, గుమ్మంలో నిలబడి ఒకసారి గాలి పీల్చింది.

"ఇగ రా," అంది.