మా బావగారు ఆపిన నాటకం

పోయిన శనివారం పొద్దున గుడివాడలో మా వారు గుమాస్తాగా ఉన్న రైసుమిల్లుకు బందరు నుంచి ఫోను వచ్చింది. ఆయన ఇంటికి వచ్చి, వాకిట్లోనే నిలబడి, "అన్నయ్య పోయాడు" అన్నారు. పొయ్యి ఆర్పి, కాగిన పాలు పక్కింట్లో ఇచ్చి, తాళం వేశాను. బందరు రైలెక్కాం. దుఃఖం ఉంది. దానితోపాటు సిగ్గు కూడా ఉంది. చాలా ఏళ్ళుగా బావగారి పేరెత్తితే మా ఇంట్లో ముందు వచ్చేది అదే.

బావగారు ఇంజనీరు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీని చేత్తో ఒకసారి కదిపి చూసిగాని కూర్చునేవారు కాదు. కొత్త గోడ కనబడితే వేలి కణుపుతో తట్టి చెవి ఆనించేవారు. మా పెళ్ళిలో పందిరి రాటలన్నీ ఊపి చూశారని మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

బందరులో ఒక కాలేజీవాళ్ళు తమ ఆవరణలో ఆరుబయట నాటకశాల కట్టించాలనుకున్నప్పుడు ఆ పని ఆయనకు అప్పగించారు. సాయంత్రం సముద్రపు గాలి వచ్చే వైపు స్టేజీ పెట్టారు, నటుల గొంతు గాలితోపాటు జనం మీదికి రావాలని. ఎదురుగా అర్ధచంద్రాకారంలో మెట్ల గ్యాలరీ. కిందంతా బోలు. కాంక్రీటు స్తంభాలు, దూలాలు దాన్ని మోస్తాయి. "మన నల్లరేగడి ఎండాకాలం నోరు తెరుస్తుంది, వానలకి ఉబ్బుతుంది అమ్మాయ్. పునాది దాన్ని దాటి కిందికి పోవాలి" అని నేను పప్పు వడ్డిస్తుంటే చెప్పారు. నెయ్యి అడగటం మరిచిపోయారు.

కట్టడం పూర్తయ్యాక, మనుషుల్ని ఎక్కించే ముందు బరువు పెట్టి చూడాలన్నారు. మా మిల్లు నుంచి లారీల్లో ధాన్యం బస్తాలు తీసుకెళ్ళి మెట్ల నిండా పేర్చారు. దూలాలు ఎంత వంగుతున్నాయో కొలుచుకుంటూ బావగారు అక్కడే మకాం పెట్టారు. ఊరికి అదొక వినోదం.

"ఏమండీ, బస్తాలకి టిక్కెట్టెంత?"

"నేలటిక్కెట్టు కాదండోయ్, అన్నీ రిజర్వుడే."

బావగారూ నవ్వారు. దూలాలు వంగవలసినంతే వంగి, బస్తాలు దించగానే మామూలుగా అయిపోయాయి.

ప్రారంభోత్సవం సాయంత్రం విద్యార్థులు పద్యనాటకం వేశారు. గ్యాలరీలో ఆడవాళ్ళ వైపు నేనూ, బావగారి భార్యా పక్కపక్కనే కూర్చున్నాం. తోటికోడలైనా నాకు ఆవిడ అక్కయ్యే. రాజు వేషం వేసిన కుర్రాడు చిలకలపూడి గిల్టు కిరీటం సర్దుకుని పద్యం ఎత్తుకున్నాడు. రాగం ముగియగానే జనం "వన్స్‌మోర్" అన్నారు. మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్‌మోర్, ఈసారి కాళ్ళతో. అన్ని కాళ్ళూ ఒకే దరువు మీద పడుతున్నాయి. నా కింద మెట్టు ఉయ్యాలబల్లలా కదిలింది.

బావగారు ముందు వరస కుర్చీలోంచి లేచి స్టేజీ ఎక్కి, రాజు పక్కన మైకు ముందు నిలబడ్డారు.

"నాటకం ఆపండి. గ్యాలరీలో ఉన్నవాళ్ళు పైవరస నుంచి మెల్లగా దిగండి."

"ఇంజనీరుగారికి పద్యం నచ్చలేదురోయ్" అని ఎవరో అరిచారు. ఈలలు వేశారు.

"కట్టింది నేను. తప్పు నాది. దిగండి" అన్నారాయన.

అక్కయ్య పమిట తల మీదికి లాక్కుంది. "ఈ మాట ఊరందరి ముందూ మైకులోనే చెప్పాలా ఈయనకి" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని దిగుతుంటే నాకు ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు.

తర్వాత పెద్ద ఇంజనీర్లు వచ్చి పరీక్షించారు. వెంట్రుకవాసి పగులు కూడా దొరకలేదు. దొరికి ఉంటే మాకు కాస్త మర్యాద దక్కేది. ఆయన పట్టుబట్టి దూలాల కింద అడ్డగోడలు కట్టించారు. గ్యాలరీ అందం పోయిందన్నారు. నాటకాలు మళ్ళీ మొదలయ్యాయి గాని, అక్కయ్య ఆ ఆవరణలో అడుగుపెట్టలేదు. మిల్లులో హమాలీల నవ్వులు తట్టుకోలేక మా వారు బందరు మాట వస్తే లేచి వెళ్ళిపోయేవారు.

ఒక పెళ్ళి పంక్తిలో బావగారి ఎదుటి విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి అడిగాడు. "ఏమండీ, ఒక్క పగులైనా దొరికిందా?"

"లేదండీ."

"మరెందుకు ఆపారు?"

"నిలుస్తుందని నాకు తెలియలేదు కనక."

పంక్తి పంక్తంతా నవ్వింది. మావాళ్ళందరం విస్తళ్ళలోకి తలలు వంచుకున్నాం. ఆయన పెరుగు మారు వడ్డించమన్నారు.

ఆయనకు సిగ్గు లేదనుకునేదాన్ని. ఒకసారి మా ఇంటికి వచ్చి, నేను నెల పద్దులు చూసుకుంటుంటే పక్కన కూర్చున్నారు. "బరువు లెక్కేశాను అమ్మాయ్. సరదా లెక్కెయ్యలేదు. పుట్టినప్పట్నుంచీ నాటకాలు చూస్తున్నవాణ్ణి, వన్స్‌మోరంటే ఎట్లా ఉంటుందో తెలియదా నాకు?" అన్నారు. తల ఎత్తకుండా అన్నారు. ఆయన సిగ్గు అది మర్చిపోయినందుకు. మాది నలుగురూ నవ్వినందుకు. రెంటికీ ఉన్న తేడా అప్పుడు కనబడింది. అయినా ఆయనతో ఆ మాట అనలేదు. వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా నాకు నోరు రాలేదు.

ఆ శనివారం రైలు దిగి నేరుగా బావగారింటికి వెళ్ళాం. వాళ్ళ ఇల్లు కాలేజీ వెనక వీధిలోనే. పెద్దమ్మాయి దూరం నుంచి రావాలని ఆయన్ని మర్నాటి దాకా వరండాలోనే ఉంచారు. సాయంత్రం గాలి తిరిగింది. కాలేజీలో ఆ రోజు ఏదో నాటకం. పద్యం వినిపించింది. ఆ వెంటనే వన్స్‌మోర్ కేకలు, వందల కాళ్ళ దరువు. వాకిట్లో ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"శవం ఉందని చెప్పి ఆపించి వస్తాను" అంటూ మా వారు లేచారు.

"వద్దయ్యా" అంది అక్కయ్య. "ఆయన ఆపింది చాలు. ఆడుకోనివ్వండి."

మా వారు చెప్పులో ఒక కాలు పెట్టినవారు పెట్టినట్టే నిలబడిపోయారు. రెండో వన్స్‌మోర్ కూడా వచ్చింది. అక్కయ్య పమిట సర్దుకోకుండా, ఆ చప్పుడు వస్తున్న వైపుకే ముఖం పెట్టి వింటూ కూర్చుంది.