పుట్టీ పిన్ని సంతకం

మా వీధిలో మా అమ్మని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ పుట్టీ పిన్నే. ముప్పై నాలుగేళ్లు జనం ఇళ్లకి రంగులేసింది. రంగులేసిందనడం మర్యాద కోసం. అసలు ఆవిడ పని పగుళ్లు దాచడం. అద్దెకి ఇల్లు చూడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే ఓనర్లు ముందు రోజే మా అమ్మకి కబురు పెట్టేవాళ్లు. పొద్దున నెర్రెలిచ్చి ఏడుపు మొహంతో ఉన్న గోడ, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు నవ్వుతూ నిలబడేది. రేకు పట్టీ మీద కాస్త పుట్టీ తీసుకుని, పగులు మీద పెట్టి, ఒక్క లాగు లాగేది. అంతే. రెండో లాగు లేదు. రెండోసారి లాగేవాళ్లని చూస్తే, "వీడేంటి, గోడకి జోకొడుతున్నాడు" అనేది.

ఆవిడకి నలభై మూడేళ్లప్పుడు నేను పుట్టాను. అప్పటికే మా అన్నయ్యకి మీసాలొచ్చేశాయి. డాక్టరమ్మ చెప్పేదాకా ఆవిడ గ్యాసనుకుందట. ఇప్పటికీ నేనేదైనా తిక్కపని చేస్తే, "గ్యాసే నయం" అంటుంది.

ఇప్పుడు ఆవిడకి అరవై ఆరు. మోకాళ్లు మొండికేస్తే పని మానేసి మూడేళ్లయింది. నాన్న పోయి పన్నెండేళ్లు. ఇంట్లో ఉండేది ఆవిడా, నేనూ. నేను వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. ఊరందరి గోడలూ బాగుచేసిన మనిషి ఇంట్లో వంటింటి స్లాబు పెచ్చులు పెచ్చులుగా రాలేది. లోపలి చువ్వలు తుప్పు పట్టి, పళ్లికిలించినట్టు బయటికి కనబడేవి. ఒకరోజు ఆటపట్టిద్దామని నా హెల్మెట్ ఇచ్చి, "పెట్టుకుని వండు" అన్నాను. ఆవిడ నిజంగానే పెట్టుకుంది. పాలాయన కిటికీలోంచి చూసి, "ఎక్కడికి పిన్నీ ప్రయాణం?" అన్నాడు.

"పొయ్యి దాకా" అంది గరిటె తిప్పుతూ.

నవ్వులాట అక్కడితో ఆగింది. వానలకి ముందు పాత ఇళ్లన్నీ చూసే వార్డు వాళ్లు వచ్చారు. బయట గోడ మీద ఎర్రరంగుతో 'ప్రమాదకరం' అని రాసి, చేతిలో ఓ కాగితం పెట్టి పోయారు. వానాకాలం వచ్చేలోపు మరమ్మతు చేయించుకోవాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి. నేను అన్నయ్య నంబరు కోసం ఫోన్ తీశాను. ఆవిడ మాత్రం కాగితం పక్కన పెట్టి, గోడ దగ్గరికెళ్లి ఆ అక్షరాల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏం రాత ఇది? రంగు ఎలా కారిపోయిందో చూడు. బ్రష్ పట్టుకోవడం ఎవడు నేర్పాడు వీడికి?"

మా అన్నయ్యకి ఫోన్ చేస్తే, "ఆ ఇంటిని వదిలేసి వచ్చెయ్యండి, హాల్లో సర్దుకుందాం" అన్నాడు. మంచివాడే పాపం, రెండు గదుల ఇంట్లో ఐదుగురున్నారు.

"హాల్లో సర్దడానికి నేనేమైనా సోఫానా?" అని అమ్మ ఫోన్ లాక్కుని పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "నేను ఈ ఇంట్లోంచి కదిలేది లేదు. అది ముందే తెలుసుకో" అంది. నాకు కొత్తగా తెలిసిందేం కాదు.

డబ్బెక్కడిది? నా షాపు మీద వచ్చేదాంతో స్లాబు కాదు కదా, మెట్టు కూడా కట్టలేం. నేను ఆవిడ పాత ట్రంకుపెట్టె వెతుకుతుంటే కట్టడం కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఒకటీ, రసీదుల కట్టా దొరికాయి. ఆ బోర్డు నియమాలన్నీ కూర్చుని ఫోన్లో చదివాను. కార్డున్నవాళ్లకి అరవై దాటితే నెలనెలా పింఛను. సొంతిల్లు పాడైతే మరమ్మతుకి సాయం. ఆవిడ రెండూ అడగలేదు.

"నేను ఎవరి ముందూ చెయ్యి చాపను" అంది.

"చాపక్కర్లేదమ్మా. ఏటా నువ్వే కట్టావు. ఇదిగో రసీదులు."

"నేను కట్టానా?" రసీదులు కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "మేస్త్రీ ఏడాదికోసారి నా కూలిలోంచి పట్టుకుని ఏదో చీటీ చేతిలో పెట్టేవాడు. వెధవ, తాగేశాడనుకుని ఇన్నేళ్లూ తిట్టాను." కాసేపు ఆ మేస్త్రీ ఆత్మకి క్షమాపణ చెప్పుకుంది. తర్వాత చెప్పులేసుకుంది. "అయితే అది నాదేగా? పద."

పింఛను నెలలో మొదలైంది. ఇంటి సాయానికి మాత్రం ఇన్‌స్పెక్టరు వచ్చి కళ్లారా చూడాలన్నారు. గురువారం వస్తానని ఫోన్ చేశాడు. ముందు రోజే నేను ఆవిడని కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మా, నువ్వేం ముట్టుకోకు. చీపురు కూడా పట్టకు. ఎలా ఉన్న ఇల్లు అలాగే ఉండాలి."

"సరేలేవే" అంది. ఆ 'లేవే' వినగానే నేను షాపుకి సెలవు పెట్టాల్సింది.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాను. నా వయసే ఉంటుంది కుర్రాడికి. గుమ్మంలో అడుగు పెట్టగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. లోపల ఒక్క పగులు లేదు. వంటింటి స్లాబు చువ్వలకి సన్నటి వల కట్టి, దాని మీద పుట్టీ పట్టించి, తెల్లరంగు వేసేసింది. ఆ మోకాళ్లతో స్టూలు ఎలా ఎక్కిందో నాకిప్పటికీ తెలీదు. నేను పొద్దున్నే షాపు తెరిచిన నిమిషం నుంచి మొదలుపెట్టిందట. పనిలో పనిగా బయట గోడ మీద ఎర్ర అక్షరాలు కూడా మాయం.

కుర్రాడు తల పైకెత్తి చుట్టూ తిరిగాడు. "ఎంత నున్నగా ఉందండీ! ఎవరు చేశారు?"

"నేనే బాబూ" అంది మా అమ్మ. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

"అయ్యా, దాని లోపల..." అని నేను మొదలుపెట్టాను. "లోపలిది నాకు కనబడాలి కదండీ" అని ఫోటోలు తీసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

"ఆయన వచ్చింది నీకు ప్రైజు ఇవ్వడానికి కాదమ్మా!" అని అరిచాను.

"మరి పరాయి మనిషి వస్తుంటే గోడల్ని అలా బట్టలిప్పి నిలబెడతానా? ముప్పై నాలుగేళ్ల పనికి నాకంటూ ఓ పేరుంది."

"ఆ పేరుతోనే రోడ్డున పడతాం."

ఆవిడ బ్రష్ కడుక్కుంటూ ఉండిపోయింది.

పన్నెండు రోజులకి ఉత్తరం వచ్చింది. ఇల్లు నివాసయోగ్యంగా ఉన్నది, మరమ్మతు అవసరం లేదు, దరఖాస్తు తిరస్కరించడమైనది. ఆ సాయంత్రమే వంటింట్లో వల ఓ మూల ఊడి, అరచేయంత పెచ్చు సింకులో పడింది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. వానలకి ఇంకా మూడు వారాలు.

మర్నాడు బోర్డు ఆఫీసుకి వెళ్లాం. సూపరింటెండెంటు సారు బల్ల ముందు పెద్ద వరసే ఉంది. మా వంతు వచ్చాక ఫైలు తెరిచి, ఫోటోలు చూసి, "అమ్మా, ఇది నా ఇంటికన్నా బాగుంది" అన్నాడు.

"సార్, వార్డు వాళ్లు బయట గోడ మీద 'ప్రమాదకరం' అని రాశారు. ఫోటోలో చూడండి, కనబడుతుంది" అన్నాను ధైర్యంగా. మాట బయటికొచ్చాక గుర్తొచ్చింది.

"ఎక్కడా? గోడ తెల్లగా మెరుస్తోందే. వార్డు వాళ్ల కాగితం మాకు చెల్లదు, మా మనిషి చూసిందే లెక్క."

నేను మా అమ్మ వైపు చూశాను. ఆవిడ ఫ్యానుని శ్రద్ధగా పరిశీలిస్తోంది.

ఏం జరిగిందో దాచకుండా చెప్పేశాను. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు, సారు కూడా నవ్వాడు. చెడ్డవాడు కాదు. "మళ్లీ మనిషిని పంపాలంటే కారణం ఉండాలి. ఇలాంటివాటికి మా దగ్గర ఓ కాగితం ఉంది. సంతకం పెట్టండి, వచ్చే వారమే పంపిస్తా" అన్నాడు. గుమాస్తా అచ్చు కాగితం ఒకటి తెచ్చిచ్చాడు. మా అమ్మ ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ పైకి చదివింది.

"లోపములను దాచి... తనిఖీ అధికారిని... మోసగించినందుకు... క్షమించగలరు." వేలు ఆగింది. "ఈ మోసం అన్నది ఎవరు రాశారు?"

"అది ఫార్మాటమ్మా" అన్నాడు గుమాస్తా.

"అయితే ఫార్మాటునే పెట్టమను సంతకం."

నేను చెవిలో గొణిగాను. "అమ్మా, నీకు దండం పెడతా. ఒక్క మాటే కదా. వానలొచ్చేస్తున్నాయి, ఇల్లు పోతుంది."

"ఇల్లు పోతే అద్దె గది చూసుకుంటావు. ఇది పెడితే నా పేరు నేనెక్కడ చూసుకోను?"

లేచింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా బల్ల చుట్టూ తిరిగి, సారు కుర్చీ వెనక గోడ దగ్గరికెళ్లింది. వేలి కణుపుతో కొట్టింది. టక్ టక్. ఓ జానెడు పక్కన కొట్టింది. డుబ్ డుబ్.

"విన్నారా సారూ? ఇక్కడ లోపలి సిమెంటు గోడని వదిలేసింది. గుల్ల. పైన ఎవడో దాచాడు. మంచి పనివాడే, నాకే ముందు కనబడలేదు. వాడికి కూలిచ్చారా?"

"ఇచ్చే ఉంటాం" అన్నాడు సారు, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంటూ.

"వాడి చేత మోసగాణ్ణని రాయించుకున్నారా?"

వెనక వరసలోంచి ఓ ముసలి తాపీమేస్త్రీ, "అడుగు పిన్నీ!" అన్నాడు.

"మీ గోడ దాస్తే కూలి. నా గోడ నేను దాచుకుంటే క్షమాపణా?"

సారుకి కోపం వచ్చింది. "ఇదంతా నాకనవసరం. సంతకం లేకపోతే ఫైలు కదలదు."

"అది కదిలేదాకా నేనూ కదలను" అని పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. గంట దాటింది. వరస కరిగింది. గుమాస్తా రెండుసార్లు వచ్చి బతిమాలాడు. ఆఖరికి ఆవిడే నన్ను పిలిచింది.

"తెల్లకాగితం తే. నేను చెప్తా, నువ్వు రాయి. నా ఇంటి గోడలకి నేనే పని చేశాను. పని బాగా కుదిరింది. అందువల్ల మీ మనిషికి పగుళ్లు కనబడలేదు. మళ్లీ వస్తే గీకి చూపిస్తాను. అంతే, ఇంకేం కలపకు."

నేను ఏమీ కలపలేదు. ఆవిడ కింద సంతకం పెట్టింది, గోడకి బార్డరు లాగినంత నింపాదిగా.

సారు రెండుసార్లు చదివాడు. "ఈ 'బాగా కుదిరింది' అన్నది తీసెయ్యొచ్చుగా?"

"అది తీస్తే ఇంక కారణం ఏముంది సారూ?"

గుమాస్తా దగ్గాడు. "కారణం గడిలో సరిపోతుంది సార్." సారు మా అమ్మ మొహంలోకి చూశాడు, గోడ వైపు చూశాడు, స్టాంపు అందుకున్నాడు.

అదే కుర్రాడు మళ్లీ వచ్చాడు. నేను మర్యాదగా వంటింట్లో కుర్చీ వేశాను, సరిగ్గా ఊడబోతున్న పెచ్చు కింద. మా అమ్మ నన్నో చూపు చూసి, కుర్చీని కాలితో పక్కకి తోసింది. స్టూలెక్కనివ్వనని నేను పట్టుబడితే పట్టీకి కర్ర కట్టి, కింద నుంచే గీకింది. తన చేతి పనిని తనే చెడగొడుతుంటే పళ్లు బిగించుకుంది. ఓ మూల మరీ నున్నగా కుదిరినచోట ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అక్కడే గట్టిగా పొడిచింది. వల, పుట్టీ, స్లాబు ముక్క అన్నీ కలిసి దబ్బుమని పడ్డాయి. కుర్చీ ఉండాల్సినచోటే. కుర్రాడు తెల్లబోయాడు.

"చాలండీ, రాసుకున్నాను" అన్నాడు.

"ఏం చాలు? ఇటు రా. ఈ పగులు రాయి. తలుపు వెనకది రాయి. కిటికీ పైన చెమ్మ ఉంది, చెయ్యి పెట్టి చూడు, ఆ, అదీ రాయి." పదిహేడు చోట్ల గీకి చూపించింది. కుర్రాడు బయటపడేసరికి తల నిండా తెల్లపొడి, నలభై ఏళ్లవాడిలా ఉన్నాడు.

వానలకి నాలుగు రోజుల ముందు డబ్బు పడింది. వంటిల్లు మొత్తానికీ, ముందుగది గోడలకీ. నేనూ ఆవిడా పడుకునే గదికి మాత్రం 'పరిశీలనలో ఉన్నది' అన్నారు. మేస్త్రీలొచ్చి రాత్రీపగలూ పనిచేసి, పాత స్లాబుకే కొత్త చువ్వలు కట్టి సిమెంటు పట్టించారు. ఆవిడ కుర్చీలో కూర్చుని వాళ్లని తిట్టని నిమిషం లేదు. సిమెంటు పడకముందే వార్డు వాళ్లొచ్చి కొత్త చువ్వలు చూసి, ఖాళీ చేయమన్న కాగితం వెనక్కి తీసుకుపోయారు.

మొదటి వాన మధ్యాహ్నం దంచి కురిసింది. వంటింట్లో ఒక్క చుక్క లేదు. పడకగదిలో టప్, టప్. ఆవిడ బకెట్ తెచ్చి చుక్క కింద సరిగ్గా పెట్టి, నన్ను కేకేసింది.

"ఫారం తే. ఈ గదికి గట్టిగా రాయి."

"గౌరవనీయులైన అధికారి గారికి, దయచేసి..." అని మొదలుపెట్టాను.

"దయ ఎందుకే మధ్యలో? కొట్టెయ్యి. నాకు రావలసినది అని రాయి."